చెరగని అంచు

ఇన్‌స్పెక్టర్ అరెస్టు కాగితం జేబులో పెట్టుకునే వచ్చాడు.

"మూడింటికి బండి వస్తుంది. చిన్న డాక్టరమ్మని ఎక్కించుకుని పోతాను. ఈలోగా నీ తతంగం ఏదైనా ఉంటే కానిచ్చుకో సోడాబుడ్డీ," అన్నాడు. అని, కంటి ఆసుపత్రి హాల్లో రోగుల కోసం వేసిన కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

గోడ గడియారంలో ఒకటిన్నర దాటింది.

సోడాబుడ్డి అనేది బళ్లో పడ్డ పేరు. అప్పటికే అద్దాలు మైనస్ ఆరు. ఇప్పుడు మైనస్ పదకొండు. ప్రైవేటు డిటెక్టివుగా ఇన్నేళ్లు పనిచేశాక కూడా పోలీసులూ, దొంగలూ, చివరికి అతన్ని కుదుర్చుకున్న వాళ్లూ ఆ పేరుతోనే పిలుస్తారు. కళ్లజోడు తీస్తే ఎదురుగా ఉన్నది మనిషో బీరువానో చెప్పలేడు. ఆ సంగతి అందరికీ తెలుసు. కళ్లజోడు తీసినప్పుడు ముక్కుకి బెత్తెడు దూరంలో ఉన్నది భూతద్దం కింద పెట్టినట్టు కనపడుతుందని మాత్రం కొద్దిమందికే తెలుసు.

ఇన్‌స్పెక్టర్‌ని స్టేషన్‌లో డేగ అంటారు. ఆయనే అనిపించుకున్నాడని గిట్టనివాళ్ల మాట. ఇరవై ఏళ్ల కిందట ఉద్యోగానికి కళ్లజోడు అడ్డొస్తే, ఈ ఆసుపత్రిలోనే, నిన్న పోయిన పెద్ద డాక్టరు చేతే లేజర్ చేయించుకున్నాడు.

"మొదటి జట్టు వాళ్లందర్నీ మళ్లీ పిలిచారు కదా. మీకు ఫోన్ రాలేదా?" అని అడిగాడు సోడాబుడ్డి.

"వచ్చింది. డేగ కళ్లకి డాక్టరెందుకయ్యా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, వాంగ్మూలం కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టి చదువుకుంటూ.

"చెయ్యి ఇంకో జానెడు పొడుగుంటే సరిపోయేది."

ఇన్‌స్పెక్టర్ కాగితం మడిచేశాడు. చత్వారం వచ్చిందని ఆయన ఇంట్లోవాళ్లకి కూడా ఇంకా చెప్పలేదు.

జరిగింది ఇదీ. ఇరవై ఏళ్ల కిందట తన దగ్గర లేజర్ చేయించుకున్న మొదటి జట్టుని పెద్ద డాక్టరు ఒక్కొక్కరిగా పిలిపించి, ఆ కళ్లు ఇప్పుడెలా ఉన్నాయో చూస్తున్నాడు. నిన్న చివరి మనిషి ఐదింటికి బయటికి వెళ్లాడు. కౌంటరు దగ్గరి అమ్మాయి ఆ వెంటనే ముందు తలుపుకి తాళం వేసి ఇంటికి పోయింది. పై అంతస్తులో ఆపరేషన్ గది సర్దుకుని, డాక్టరు కూతురు, చిన్న డాక్టరమ్మ, ఐదున్నరకి కిందికి దిగింది. తండ్రి కళ్లు పరీక్షించే చీకటిగదిలో నేల మీద ఉన్నాడు. తల వెనక భాగం యంత్రం బల్ల ఇనపకాలికి కొట్టుకుంది. అప్పటికే పోయాడు.

మధ్యాహ్నం తండ్రీకూతుళ్లు గట్టిగా పోట్లాడుకోవడం ఆసుపత్రి అంతా విన్నది. సాయంత్రం భవనంలో ఉన్నది ఇద్దరే. అందులో ఒకరు పోయారు. ఇన్‌స్పెక్టర్ లెక్క అక్కడితో తేలిపోయింది. చిన్న డాక్టరమ్మ మాత్రం రాత్రే సోడాబుడ్డికి ఫోన్ చేసింది.

ఆమె చీకటిగది తలుపు దగ్గర నిలబడి ఉంది. నిద్ర లేదు. చేతులు రెండూ కోటు జేబుల్లో ఉన్నాయి.

"పోట్లాట దేనికమ్మా?" అని అడిగాడు సోడాబుడ్డి.

"నాన్న చూసిన కళ్ల గురించే. చాలామందికి బాగానే ఉన్నాయండి. కొందరికి సైటు కొంచెం తిరిగొచ్చింది. కొందరికి కళ్లు పొడిబారతాయి, రోజూ చుక్కలు వేసుకోవాల్సిందే. కొందరికి చీకటి పడితే దీపం చుట్టూ వలయం కనపడుతుంది. ఇద్దరికి మాత్రం కార్నియా, అంటే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, పల్చబడి ముందుకి ఉబికింది. ఈ మంచీ చెడూ మొత్తం బయటపెడతానన్నారు నాన్న. ముందు ఆ ఇద్దరికీ వైద్యం మొదలెట్టి తర్వాత చెబుదామన్నాను నేను. నువ్వు భయపడుతున్నావన్నారు. మీకు పేరు పిచ్చన్నాను. ఆయనతో నా చివరి మాట అదేనండి."

"పదండి, గది చూపించండి."

ఇన్‌స్పెక్టర్ కూడా లేచి వచ్చాడు. గదికి కిటికీ లేదు. గోడలకి నల్లరంగు. మధ్యలో బల్ల, బల్ల మీద యంత్రం. ఒకవైపు రోగి గడ్డం ఆనించే పట్టీ, రెండోవైపు డాక్టరు చూసే రెండు గొట్టాలు. రోగి కుర్చీ పక్కన గోడకి తెర ఉంది. కింద సుద్దగీతలో మనిషి ఆకారం. ఆ ఆకారం తల యంత్రం వైపు తిరిగి ఉంది, ఇంకా ఏదో చూడాల్సింది మిగిలినట్టు.

"ఎవరూ ఏమీ కదపలేదుగా?"

"నా మనుషులు ఫోటోలు తీశారు. అంతే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కదపడానికేముంది? కూతురు తోసింది, తండ్రి పడ్డాడు."

సోడాబుడ్డి డాక్టరు స్టూలు మీద కూర్చున్నాడు. "అమ్మా, మీ నాన్నగారు రోగిని ఎలా చూసేవారు? మొదట్నుంచీ చెప్పండి."

"పాత కాగితాలు ముందు చూసేవారు కాదు. కన్ను చూడగానే, ఇది నేను చేసిందే, ఫలానా సంవత్సరం చేసింది అనేవారు. అది ఆయన సరదా. లేజర్ చేసేటప్పుడు కార్నియా మీద సన్నటి పొరని తలుపులా తెరుస్తామండి. లోపల చెక్కి మళ్లీ మూసేస్తాం. పొర అతుక్కుంటుంది. అంచు మాత్రం గీతలా మిగిలిపోతుంది. ఎన్నేళ్లయినా పోదు. మామూలుగా చూస్తే కనపడదు, ఈ యంత్రంలో సన్నటి వెలుగు పక్కనుంచి వేస్తే కనపడుతుంది. ఒకవైపు కొయ్యకుండా వదిలేస్తాం, తలుపుకి బందులాగా. ఆ బందు ఉన్న చోట గీత ఉండదు. నాన్న బందుని ఎప్పుడూ ముక్కు వైపే ఉంచేవారు."

"అంచు వెతకడానికి ఎంతసేపు పడుతుంది?"

"నాన్నకా? మీరు కళ్లజోడు సర్దుకునేంత సేపు."

సోడాబుడ్డి అప్పుడే వేలితో కళ్లజోడు పైకి తోసుకుంటున్నాడు. చెయ్యి దించేశాడు.

"ఈ యంత్రం ఇప్పుడు ఎలా ఉందో చూసి చెప్పండి."

ఆమె వంగి చూసింది.

"చిత్రంగా ఉందండీ. ఎంత పెద్దది చేసి చూడొచ్చో అంత పెద్దది చేశారు. వెలుగుని పూర్తిగా పక్కకి తిప్పారు. నీలం అద్దం అడ్డం పెట్టారు." చెత్తబుట్టలోకి చూసింది. "రంగు కాగితాలు ఇన్ని వాడారేంటి? కంటికి ఒకటి చాలు. ఈ కాగితం కంట్లో ఆనిస్తే పసుపుపచ్చ రంగు పరుచుకుంటుంది. నీలం వెలుగులో ఆకుపచ్చగా మెరుస్తుంది. గీతలో చిక్కుకుంటే గీత తెలుస్తుంది. కానీ ఇరవై ఏళ్ల గీతలో రంగు ఆగొచ్చు, ఆగకపోవచ్చు. మామూలు వెలుగే చాలు. ఇది నాన్నకి తెలియంది కాదు."

"తెలిసీ మళ్లీ మళ్లీ వేశారంటే?"

"ఏదో దొరకలేదండీ. ఆయన వెతుకుతున్నది ఆయనకి దొరకలేదు."

గదిలో ముగ్గురూ ఖాళీగా ఉన్న గడ్డం పట్టీ వైపు చూశారు.

"బాగుందయ్యా కథ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "చివరి పేషెంటు మీదికి తోద్దామనే కదా? ఆ పప్పులేం ఉడకవు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని, వాళ్లక్క చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు. కౌంటరు అమ్మాయి చూసింది. ఆ చుక్కలు పడ్డవాడికి ఎదుటి మనిషి మొహమే అలుక్కుపోతుంది. వాడు వెనక్కొచ్చి హత్య చేశాడా? తడుముకుంటూనా?"

"ఆ చుక్కలు ఎవరు వేశారు?"

"నాన్నే వేసేవారు," అంది చిన్న డాక్టరమ్మ. "కార్నియా చూడటం పూర్తయ్యాక, తన చేత్తో. ఒక్కొక్కరికీ ఒక్కో బుల్లి సీసా. ముందే ఆ గిన్నెలో పెట్టి ఉంచుతాం. మెడ విరిచి వేసి, అందులోనే పడేస్తాం."

రోగి కుర్చీ పక్కన స్టీలు గిన్నె ఉంది. అందులో వేలెడు కూడా లేని ప్లాస్టిక్ సీసాలు, నిన్నటివి.

"అన్నీ వాడినవే. నేను చూశాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

సోడాబుడ్డి కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. గిన్నె ఎత్తి మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. ఒక్కో సీసా తీసి ముక్కుకి ఆనేంత దగ్గర పెట్టి, తిప్పి చూసి పక్కన పెట్టసాగాడు.

"చూస్తున్నావా, వాసన చూస్తున్నావా?" అని నవ్వాడు ఇన్‌స్పెక్టర్.

అడుగునున్న సీసా దగ్గర సోడాబుడ్డి చెయ్యి ఆగింది. మెడ వెంట్రుకవాసి వంగి ఉంది. విరగలేదు. లోపల మందు అటూ ఇటూ కదిలింది.

"పట్టుకోండి. చెయ్యి చాచి కాదు, దగ్గరగా. ఓ, దగ్గరగా పెడితే కనపడదు కదూ? పోనీ, ఊపి చూడండి."

ఇన్‌స్పెక్టర్ ఊపాడు. ముఖంలో నవ్వు పోయింది.

"అంటే చివరి మనిషికి చుక్కలు వెయ్యలేదు," అన్నాడు సోడాబుడ్డి. "కార్నియా చూడటమే పూర్తవలేదు కాబట్టి. మరి అతను నల్లద్దాలు పెట్టుకుని, అక్క చెయ్యి పట్టుకుని తడుముకుంటూ ఎందుకు దిగాడు?"

*

ఆ అక్కాతమ్ముళ్లు వాంగ్మూలం మీద సంతకాలు పెట్టడానికి వచ్చి హాల్లో కూర్చుని ఉన్నారు. అక్క దర్జీ పని చేస్తుంది. యాభై దాటాయి. తమ్ముడు ఆమె కంటే బాగా చిన్నవాడు. చెంప నుంచి మెడ దాకా కాలిన మచ్చ. నల్లద్దాలు ఇవాళా తీయలేదు. అక్క గుడ్డసంచి అతని ఒళ్లో ఉంది.

"కళ్లెలా ఉన్నాయి?" సోడాబుడ్డి కళ్లజోడు మళ్లీ పెట్టుకుని ఎదురు కుర్చీలో కూర్చుంటూ అడిగాడు.

"ఇంకా మసకేనండి. వెలుగు చూడలేకపోతున్నాను." గొంతు బొంగురుగా ఉంది.

"అవునవును, ఆ చుక్కల పని అంతే. వేసినప్పుడు బాగా మండుతాయట కదా?"

"మండాయండి. పెద్దాయనే వేశారు. ఇంత మంటా అన్నాను. నవ్వారు." అతను మెల్లగా తల ఊపాడు. "మంచాయన. పాపం."

"ఈ ఆపరేషన్ చేయించుకున్నప్పుడు మీకెన్నేళ్లు?"

"ఇరవై ఒకటి. ఓడ మీద ఉద్యోగానికి కళ్లజోడు ఉండకూడదన్నారు. అప్పులు చేసి అక్కే చేయించింది."

అడిగినదానికల్లా ఠకీమని జవాబు. ఒక్క మాట తడబడలేదు. సోడాబుడ్డి లేచి, రెండు నిమిషాలు రమ్మని అక్కని పక్కకి పిలిచాడు. ఆమె సంచి కోసం చెయ్యి చాపింది. "ఉండనీ అక్కా, బరువు. నేను పట్టుకుంటాలే," అన్నాడు తమ్ముడు.

ఆసుపత్రిలోనే కళ్లజోళ్ల కొట్టు ఉంది. అందులోకి తీసుకెళ్లాడు. మూడు గోడలకీ ఖాళీ ఫ్రేములు వేలాడుతున్నాయి. అవన్నీ ఆమె వైపే చూస్తున్నట్టుంది. ఆమె వాటి వైపు వీపు పెట్టి కూర్చుంది.

"నిన్న ఇక్కణ్నుంచి ఎక్కడికెళ్లారమ్మా?"

"ఇంటికే. వెనక సందులోనే మా ఇల్లు. వెళ్లగానే లోపలి గదిలో పడుకున్నాడు. వెలుగు పడకూడదు, తలుపు తియ్యొద్దన్నాడు. నేను మిషను ముందు కూర్చున్నాను. ఇన్‌స్పెక్టరుగారికి ఇదంతా చెప్పానండి."

"లోపలి గదికి ఇంకో తలుపుందా?"

ఆమె చీర కొంగు అంచు వేళ్లతో మడతలు పెడుతోంది, కుట్టబోయే ముందు గుడ్డని మడిచినట్టు. "దొడ్డివైపు ఒకటుందండి. అది దాటితే ఎదురుగా ఈ ఆసుపత్రి వెనక గుమ్మమే."

"ఈ పరీక్షకి రావాలని మీ తమ్ముడికే అనిపించిందా?"

"లేదండి. వద్దన్నాడు. బాగా కనపడుతుంటే ఎందుకక్కా అన్నాడు. నేనే పోరు పెట్టి తీసుకొచ్చాను."

"ఎందుకు?"

సోడాబుడ్డి తొందరపెట్టలేదు. ఆమె మాట్లాడేదాకా కూర్చోవడం తన పని. అలవాటుగా వేలితో కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

ఆమె ఆ వేలినే చూస్తోంది.

"మా తమ్ముడూ అచ్చం అలాగే," అంది. "చిన్నప్పట్నుంచీ కళ్లజోడే కదండీ. ఆపరేషన్ అయ్యాక తీసేశాడా, అయినా వేలు ముక్కు మీదికి పోయేది. లేని కళ్లజోడు పైకి తోసుకునేవాడు. పొద్దున లేవగానే దిండు పక్కన చేత్తో వెతుక్కునేవాడు. కళ్లజోడు దయ్యమై పట్టిందిరా నిన్ను అని నవ్వేదాన్ని. ఓడెక్కే రోజు కూడా, మెట్ల మీద నిలబడి, చెయ్యి ఊపబోయి ముందు ముక్కు మీద తోసుకున్నాడు. నాకు చివరిసారి కనపడ్డది అదే."

"చివరిసారా?"

ఆమె పెదవి కొరుక్కుంది.

"ఓడలో మంటలు లేచాయన్నారు. ఎన్నో ఏళ్లు జాడ లేదు. నాలుగేళ్ల కిందట తలుపు కొట్టాడు. మొహం కాలిపోయింది. పొగకి గొంతు పోయింది. అక్కా అన్నాడు. మా అమ్మ పాడే జోలపాట తెలుసు. నేను పెరట్లో పడి విరగ్గొట్టుకున్న పన్ను సంగతి తెలుసు. ఏం అడిగినా తెలుసు. కాదని ఎలా అంటానండీ?"

"కానీ?"

"వేలు ముక్కు మీదికి పోలేదు." గొంతు బాగా తగ్గించింది. "ఓడ మీద ఆ అలవాటు పోయిందేమో అనుకున్నాను. ఒక రోజు అనుకున్నాను. నెల అనుకున్నాను. నాకు జ్వరమొస్తే రాత్రంతా మంచం పక్కనే కూర్చుంటాడండి. మిషనుకి నూనె వేస్తాడు. సూదిలో దారం ఎక్కించి పెడతాడు. మా తమ్ముడు ఎప్పుడూ ఇవేవీ చెయ్యలేదు. వాడికి అంత ఓపిక లేదు."

బయట హాల్లో కుర్చీ కిర్రుమంది. ఆమె ఉలిక్కిపడి అటు చూసి, మళ్లీ ఇటు తిరిగింది.

"ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేసినప్పుడు దేవుడే చేయించాడనుకున్నాను. నా నోటితో అడగలేను కదా. యంత్రం చెబుతుందనుకున్నాను. నిన్న నేను చీకటిగది బయటే కూర్చున్నానండీ. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, బాబూ, రేపొకసారి రా, మా అమ్మాయి కూడా చూస్తుంది అని. అంతే. ఇతను బయటికొచ్చి జేబులోంచి నల్లద్దాలు తీసి కళ్లకి పెట్టుకున్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి మంచుముద్దలా ఉంది."

"ఇది ఇన్‌స్పెక్టరుకి ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే? సంతకం పెట్టి మళ్లీ ఆ ఇంటికే వెళ్లాలి కదండీ ఇద్దరం."

*

"ముద్దాయే ఆ తమ్ముడి కన్ను చూసి చెబితే, ఆ సాక్ష్యం ఎవడు నమ్ముతాడయ్యా?" ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచాడు. "ఆ అమ్మాయి మెడకి ఉరి చుట్టుకుంటోంది. ఎదుటివాడి కంట్లో ఏమీ లేదనే అంటుంది. నేనైనా అంటాను."

"అందుకే ముందు మీ కన్ను చూద్దాం."

"నాదా?"

"అదే చెయ్యి, అదే సంవత్సరం. యంత్రానికి కెమెరా ఉంది, గోడకి తెర ఉంది. పిల్లల భయం పోగొట్టడానికి పెట్టారట. అందరం చూస్తాం. చెప్పడానికి ఎవరి నోరూ అక్కర్లేదు. డేగ కళ్లు ఒకసారి మాకూ చూపించండి. లేకపోతే ఆ చుక్కల సీసా సంగతి, మీరు ఊపితే గాని తెలుసుకోలేకపోయిన సంగతి, మీ పైవాళ్లకి వేరేగా చెప్పుకోవాల్సి వస్తుంది."

ఇన్‌స్పెక్టర్ బెదిరింపుకి లొంగే మనిషి కాదు. కానీ సీసా జేబులోనే ఉంది, నడిచినప్పుడల్లా తొడకి తగులుతోంది. "పది నిమిషాలు," అన్నాడు.

చీకటిగదిలో దీపం తీసేశారు. ఇన్‌స్పెక్టర్ గడ్డం పట్టీ మీద ఆనించాడు. చిన్న డాక్టరమ్మ రంగు కాగితం అతని రెప్ప అంచుకి తాకించి, వెలుగుని పక్కకి తిప్పింది. గోడ మీద కన్ను వెలిసింది. తలుపంత కన్ను. అది అటూ ఇటూ తిరిగి గదిలో ఉన్న వాళ్లందర్నీ చూసింది.

"కదలకండి," అందామె. "అదిగో."

నల్లగుడ్డు అంచుకి కాస్త లోపలగా వెంట్రుకవాసి తెల్లగీత. చుట్టూ తిరిగి ముక్కు వైపు వచ్చేసరికి ఆగిపోయింది. అక్కడ తెరిపి. నీలం వెలుగు వేసింది. కన్నంతా ఆకుపచ్చగా మెరిసింది. గీతలో అక్కడక్కడా రంగు నిలబడింది.

"నాన్న బందు," అందామె. "కళ్లు బాగున్నాయండీ. కాస్త పొడిగా ఉన్నాయి. దగ్గర చూపుకి అద్దాలు వేయించుకోండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు."

ఇన్‌స్పెక్టర్ లేచి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. రంగునీళ్లు చెంప మీద కారుతుంటే చేతిరుమాలుతో తుడుచుకున్నాడు.

అక్కాతమ్ముళ్లని లోపలికి పిలిచారు. అక్క గోడకి ఆనుకుని నిలబడింది. తమ్ముడు నల్లద్దాలు తీశాడు. సంచి ఒళ్లో పెట్టుకుని రోగి కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ చెప్పకుండానే గడ్డం పట్టీ మీద ఆనించాడు, రోజూ కూర్చునేవాడిలా. అతని పక్కనే, యంత్రానికి ఇవతల, సోడాబుడ్డి వంగి నిలబడ్డాడు.

"కంటిపాప మామూలుగానే ఉంది," అంది చిన్న డాక్టరమ్మ. "మసకగా కనపడటానికి కారణమేం లేదు."

అతను ఒళ్లో సంచిని దగ్గరికి లాక్కున్నాడు.

గోడ మీద కన్ను లేచింది. గోధుమరంగు గుడ్డు. సన్నటి వెలుగు దాని మీద ఒక చివర నుంచి ఇంకో చివరికి నడిచింది. మళ్లీ వెనక్కి నడిచింది. తెల్లగీత లేదు. ఆమె రంగు వేసి నీలం వెలుగు పెట్టింది. కన్ను ఆకుపచ్చగా నిండింది, గాలి తగలని నీళ్లలా. ఎక్కడా గీత లేదు, తెరిపి లేదు. రెండో కన్నూ అంతే.

తన తండ్రి ఏం వెతికాడో, ఎందుకు మళ్లీ మళ్లీ వెతికాడో ఆమెకి అప్పుడు అర్థమైంది.

"ఈ కళ్ల మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు," అంది. "వీటికి సైటు ఎప్పుడూ లేదు."

కింద సుద్దగీత మీద అతని చెప్పు ఉంది. అతను కాలు తీయలేదు. గడ్డం కూడా పట్టీ మీద నుంచి తీయలేదు. గోడ మీద ఆకుపచ్చ కన్ను మెల్లగా పక్కకి తిరిగి అక్క మీద ఆగింది.

"మా తమ్ముడేడి?" అంది అక్క.

"నాలుగేళ్లు ఒక్క గిన్నెలో వండుకు తిన్నాం," అన్నాడు అతను. విసుగు లేదు, కోపం లేదు. "ఒక్క రోజు అడిగావా అక్కా?"

"అడిగితే చెప్పేవాడివా?"

"అడగవనే ఉన్నాను."

ఇన్‌స్పెక్టర్ నడుము దగ్గరికి చెయ్యి పోనిచ్చాడు. అదే క్షణంలో కుర్చీలో ఉన్నవాడి కాలు బల్ల కింది వైరుకి తగిలింది, లేదా తగిలించాడు. కన్ను ఆరిపోయింది. గది మొత్తం ఆరిపోయింది.

"ఎవరూ కదలొద్దు!" అని అరిచాడు ఇన్‌స్పెక్టర్.

ఒక్కడే కదిలాడు. సోడాబుడ్డి మొహానికి దెబ్బ తగిలింది. కళ్లజోడు ఎగిరిపోయింది. అద్దం పగిలిన చప్పుడు నేల మీద నుంచి వినపడింది. మెడ చుట్టూ ఒక చెయ్యి పడి గోడకి నొక్కింది. ఎవరో తలుపు లాగారు. సందులోంచి హాల్లో వెలుగు గీతలా లోపలికి పడింది.

ఆ వెలుగులో సోడాబుడ్డికి తలుపు కనపడలేదు, ఇన్‌స్పెక్టర్ కనపడలేదు, చిన్న డాక్టరమ్మ ఎక్కడుందో తెలియలేదు. అన్నీ మరకలు. వాటి ముందుకి ఒక మొహం వచ్చింది. ఇంకా దగ్గరికొచ్చింది. బెత్తెడు దూరంలో ఆగింది.

అక్కడ అన్నీ స్పష్టంగా ఉన్నాయి. రెప్పవెంట్రుకల మొదట్లో పసుపుపచ్చ రంగు ఆరుతోంది. మచ్చ మొదలైన చోట చర్మం ముడత. కంట్లో తన బొమ్మే, కళ్లజోడు లేని బొమ్మ. ఆ కన్ను అన్నిటికంటే శుభ్రంగా ఉంది.

"ఇప్పుడు కనపడుతున్నానా?" అన్నాడతను.

గొంతు కింద ఏదో చల్లగా ఆనింది. అది సోడాబుడ్డి చూపుకి అందే దూరంలో లేదు. చూడాల్సిన అవసరమూ లేదు. దర్జీ సంచిలో ఏముంటుందో అడక్కపోవడం తన తప్పే.

"అడుగు ముందుకేస్తే కాలుస్తాను," అంటున్నాడు ఇన్‌స్పెక్టర్ ఎక్కడినుంచో. ఆ మాటకి కత్తెర మొన ఇంకాస్త లోపలికి నొక్కుకుంది.

"తమ్ముడూ," అంది అక్క. "వద్దు."

ఆ పిలుపుకి కత్తెర ఆగింది.

ఆగింది గాని, వెనక్కి పోలేదు.